తొడిమ దగ్గర

ఆఫీసులో అడుగు పెట్టేసరికి రూతు ముక్కుకు వాసన గుప్పుమని కొట్టింది. చక్రధర్ సార్ అప్పుడే గది నాలుగు మూలలా స్ప్రే కొట్టించినట్టున్నాడు. డబ్బా మీద పచ్చటి మామిడిపండు బొమ్మ. ఆ వాసనకూ మామిడిపండుకూ ఉన్న చుట్టరికం చొక్కా గుండీకీ చందమామకూ ఉన్నంత. కింద అంగడిలోంచి పురుగుమందుల ఘాటు మెట్లెక్కి వస్తుంది కాబట్టి పైన ఈ వాసన కొట్టాలంటాడు ఆయన. రెండూ కలిసి ముక్కులో చేరితే పొద్దున తిన్న సంగటి గొంతులోకి వచ్చి తొంగి చూస్తుంది.

ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని రూతు తన కుర్చీలో కూర్చుంది. ముందు రెండు తెరలు. ఎడమ తెర మీద అసలు వెబ్ పేజీ. కుడి తెర మీద అదే పేజీని ఫెచ్ పట్టుకొచ్చిన తీరు. ఈ రెండూ ఒకటేనా కాదా అని వరస వరసా సరిచూసి, ఫెచ్ ఏం చేస్తుందో, ఏం చెయ్యలేదో తెలుగులో పుస్తకంగా రాయడం ఆమె పని.

చేరిన కొత్తలో ఆమెకు ఫెచ్ అంటే ఏమిటో అర్థం కాలేదు. కంప్యూటర్ పని చూసే గిరి చెప్పాడు. రైతులు ఒక నంబరుకు ఫోన్ చేస్తే మనిషిలాగా మాట్లాడేది ఒకటుంది, దాని పేరు తోడు. ఏఐ ఏజెంటు. "మా మండలం మామిడికాయలు ఏ రోజు తీసుకుంటారు" అని అడిగితే టక్కున చెబుతుంది. కాని దానికి తనంతట తాను పోయి చూసే కాళ్ళూ కళ్ళూ లేవు. జ్యూస్ ఫ్యాక్టరీ వాళ్ళ పేజీ దాకా పోయి, అక్కడున్నది ఎత్తుకొచ్చి దాని ముందు పెట్టేది ఫెచ్. "తోడు పెద్దింటి కోడలక్కా, గడప దాటదు. ఫెచ్ అంగడికి పోయొచ్చే మనిషి" అన్నాడు గిరి. ఆ మాటతో రూతుకు అంతా తేటపడింది.

ఆ సోమవారం ఆమె ముందుకు వచ్చింది జ్యూస్ ఫ్యాక్టరీ పేజీయే. రూతు కుడిచేతి బొటనవేలు తెర మీద పెట్టి ఒక్కో వరసా కిందికి జరుపుతూ చూసింది. తెర మీద వేలిముద్రలు పడతాయని చక్రధర్ సార్ ఎన్నిసార్లు విసుక్కున్నా ఆ అలవాటు పోలేదు. బొటనవేలు ఆనకపోతే ఆమెకు చూసినట్టే ఉండదు.

ఎడమ తెర మీద, పేజీ నెత్తిన ఒక ఫొటో ఉంది. ఫ్యాక్టరీ గేటు దగ్గర నల్లబోర్డు, దాని మీద సుద్దముక్కతో రాత. గేటు గుమాస్తాకు తెలుగు టైపు కొట్టడం చేతకాదు. బోర్డు మీద రాసి, సెల్లుతో ఫొటో తీసి పేజీలో పెడతాడు. ఫొటో మూలలో ఆయన చెప్పులు కూడా పడ్డాయి. బోర్డు మీద ఇలా ఉంది: మిషను రిపేరు. బుధవారం ఎవరూ కాయలు తేవద్దు. యాదమరి, గుడిపాల మండలాలు శుక్రవారం.

కుడి తెర మీద ఆ ఫొటో లేదు. బోర్డూ లేదు, సుద్దరాతా లేదు. ఎప్పుడో సీజన్ మొదట్లో ఎవరో టైపు చేసి వదిలేసిన ముక్క మాత్రం ఉంది. యాదమరి, గుడిపాల: బుధవారం.

రూతు వేలు అక్కడ ఆగింది. ఇంకోసారి ఫెచ్‌ను పంపింది. అదే వచ్చింది. మూడోసారీ అదే.

పుస్తకంలో "పరిమితులు" అన్న చోట ఆమె రాసింది: "పేజీలో ఫొటోగా పెట్టిన రాతను ఫెచ్ తేలేదు. అక్కడ ఫొటో ఒకటి ఉందని కూడా చెప్పదు. అప్పుడు కిందనున్న పాత రాతనే కొత్తదని ఏజెంటు నమ్మి చెప్పే ప్రమాదం ఉంది." రాసి మూడుసార్లు చదువుకుంది. ఒక్క అక్షరం కూడా ఎక్కువా తక్కువా లేదనిపించింది. ఇంటర్ రెండో సంవత్సరంలో పుస్తకాల సంచీ అటక మీదికి ఎక్కించాక, తన చేత్తో రాసిన మాట చూసి ఆమెకు ఇంత ముచ్చట వేయడం ఇదే.

మధ్యాహ్నం చక్రధర్ సార్ పిలిచాడు. ఆయన చేతిలో పెన్ను మూత ఉంది. మాట్లాడేటప్పుడు దాన్ని చెవిలో పెట్టి తిప్పుతాడు. తీసి, దాని కొసను వెలుతురుకు పట్టి చూస్తాడు. మళ్ళీ పెన్నుకు తగిలిస్తాడు. ఆ పెన్నుతోనే అందరి చేతా హాజరుపట్టీలో సంతకం పెట్టిస్తాడు.

"ఏమ్మా రూతూ, బాగానే రాసినావు. ఈ ఫొటో ముక్క ఒకటి తీసెయ్."

"సార్, అది నిజమే సార్. మూడుసార్లు చూసినా."

"నిజం కాదని నేనంటినా? నిజాలన్నీ పుస్తకంలో రాస్తారా ఎవురన్నా? పెళ్ళిచూపులకు పోయి పిల్లకు పిప్పిపన్ను ఉండాదని చెప్తామా?" తన మాటకు తనే నవ్వాడు. "ఈ పుస్తకం చూసే కదమ్మా కొనేవాళ్ళు కొనేది. రాదు, లేదు, చెయ్యదు. ఈ మూడు మాటలూ నాకు యాడా కనపడకూడదు. పాజిటివ్‌గా రాయాల."

"ఇది ఈ వారం పేజీ సార్. బుధవారం రావద్దని బోర్డులో ఉంటే తోడు బుధవారం రమ్మంటా ఉండాది. రైతులు కాయ కోసేస్తారు సార్. కోసిన కాయ మళ్ళా చెట్టుకు అతుక్కోదు కదా."

"ఇంజినీర్లకు చెప్తాలే. వచ్చే నెల సరిచేస్తారు."

"అంతవరకూ?"

"అంతవరకూ గమ్మునుండు." మూత చెవిలోంచి తీసి చూసుకున్నాడు. "నెలాఖరుకు కదా నిన్ను పర్మనెంటు చేసేది? ఇంటర్ కూడా గట్టెక్కని పిల్లను ఎందుకు పెట్టుకున్నావని పైనుంచి నన్నడుగుతా ఉండారు. నేనే సర్దిచెప్పినా. యాదుండనీ."

రూతు తల వంచుకొని, "అయితే మీరే తీసెయ్యండి సార్" అంది.

"నువ్వే తియ్. రాసినోళ్ళే తియ్యాల."

అలా ఎందుకన్నాడో ఆమెకు తన కుర్చీ దగ్గరికి వచ్చాకగాని తెలియలేదు. కంప్యూటర్లో ఉన్న ఆ పుస్తకంలో ఎవరు ఏ వరస చేర్చినా, ఎవరు తీసినా పక్కన సన్నటి అక్షరాల్లో పేరు పడుతుంది. ఆమె మూడు వాక్యాల మీద గీత లాగి మీట నొక్కింది. అవి మాయమయ్యాయి. పక్కన పడింది: తీసినవారు, రూతు.

గదిలో మామిడి స్ప్రే మళ్ళీ బుస్సుమంది.

*

సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి చెంగమ్మ వసారాలో నిస్సీని ఒళ్ళో కూర్చోబెట్టుకొని తలకు నూనె అంటుతోంది. చెంగమ్మది పక్కిల్లు. మొగుడు పోయి ఆరేళ్ళు. యాదమరి దారిలో అరవై తోతాపురి చెట్ల తోట ఉంది. రూతు పనికి పోయినంత సేపూ మూడేళ్ళ నిస్సీ ఆమె దగ్గరే. రూతు మొగుడు దయానంద్ నాయుడుపేటలో షిఫ్టు పని చేస్తూ రెండు వారాలకు ఒక ఆదివారం వస్తాడు. అంటే చెంగమ్మ ఒడి లేకపోతే రూతుకు ఉద్యోగమే లేదు.

"వచ్చినావా రూతమ్మా. నీ కూతురు ఈ పొద్దు నా పాన్‌దాన్‌లో సున్నం నాకినాది సూడు. నాలిక పొక్కిపోయి ఒకటే ఏడుపు." చెంగమ్మ నవ్వుతూనే చెప్పింది. "రేపు దీన్ని తోటకే ఎత్తకపోతా. కోతకు ఆరుమందిని పిలిచినా. బుధవారం మాదేనంట. తోడుకు ఫోన్ చేస్తే చెప్పినాది. ఎంత మర్యాదో దానికి! నా కోడళ్ళు కూడా నన్నట్ల అండీ అనలా."

రూతు చెప్పు విడవబోయి ఆగిపోయింది.

"పెద్దమ్మా, రేపు కోయొద్దు."

"ఏం?"

"బుధవారం గేటు తెరవరు. మిషను రిపేరంట. మీకు శుక్రవారం. గురువారం కోయించు."

"తోడు బుధవారమనె కదే."

"దానికి బోర్డు కనపడదు పెద్దమ్మా. నాకు కనపడినాది. నేను నా కండ్లతో చూసినా."

చెంగమ్మ నూనె చేతిని గాలిలోనే ఆపి ఆమె ముఖంలోకి చూసింది. తోట ఉన్న మనిషికి ఎవరి మాట నమ్మాలో తెలుసు. "మంచిపని చేసినావు తల్లీ. ఇంకో ఘడియైతే మనుషులకు కూలి ఖాయం చేసుందును. ఉండు, మా బావకు చెప్పేసొస్తా. ఆయన కూడా రేపే కోయిస్తాండాడు."

చెంగమ్మ బావ మునిరామయ్య. చనిపోయిన మొగుడికి అన్న. ఊళ్ళో ఏ మాట ఆయన చెవిన పడినా పొద్దు గూకేలోగా రచ్చబండ దగ్గర నలుగురికీ తెలుస్తుంది. ఆ నలుగురూ, "ఎవరు చెప్పినారు" అంటారు. ఎవరో ఒకరు ఫ్యాక్టరీకి ఫోన్ చేస్తారు. ఎవరో ఒకరు తోడు నంబరుకు ఫోన్ చేసి తిడతారు. అది తిరిగి తిరిగి పెన్ను మూత తిప్పుకునే మనిషి దగ్గరికి పోతుంది.

"వద్దు పెద్దమ్మా." రూతు గొంతు తనకే వినబడనంత చిన్నదయింది. "నీకైతే చెప్పినా. ఇంకెవురికీ చెప్పొద్దు. నా పేరొస్తే పని పోతాది."

"మా బావకు కూడానా?"

"ఆయనకు అసలే వద్దు. ఒట్టెయ్యి."

ఒట్లు వేయడం పాపమని చిన్నప్పటి నుంచీ చర్చిలో వింటూ పెరిగిన మనిషి రూతు. ఆ మాట తన నోట ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. చెంగమ్మ నూనె చెయ్యి నిస్సీ నడినెత్తిన పెట్టి, అలాగే ఉంచి, "సరేలే" అంది. నిస్సీ ఇదేదో ఆట అనుకొని తన చెయ్యి తీసి చెంగమ్మ చెయ్యి మీద వేసింది.

*

బుధవారం పొద్దున ఎనిమిదిన్నర బస్సు జ్యూస్ ఫ్యాక్టరీ మలుపు దగ్గర నిలిచిపోయింది. రోడ్డు ఎడమ పక్క అంతా ట్రాక్టర్లు. గేటు నుంచి వెనక్కి కల్వర్టు దాటి కనుచూపు దూరం. తెల్లవారుజామున ఒక జల్లు పడి ఆగింది. ట్రాలీల మీద పట్టలు కప్పారు, కింద కాయలకు గాలి ఆడటం లేదు. పైన ఎండ. ట్రాలీ పలకల సందుల్లోంచి పసుపు నీళ్ళు సన్నగా తారు మీదికి కారుతున్నాయి. దాని మీద ఈగలు ముసిరి తారుకు ప్రాణం వచ్చినట్టు కదులుతోంది. కిటికీలోంచి పులిసిన వాసన గుప్పుమని కొట్టింది. బస్సులో ఎవరో, "అబ్బా, మూయండప్పా ఆ కిటికీ" అని అరిచారు.

రూతు మూయలేదు. ఆమె కిటికీ కిందనే మునిరామయ్య ఉన్నాడు. తలకు తువ్వాలు చుట్టుకొని, ట్రాలీ చక్రానికి ఆనుకొని, ఫోన్ నోటి ముందు పెట్టుకొని గట్టిగా అడుగుతున్నాడు. స్పీకరు పెట్టాడు. చుట్టూ ఐదారుగురు చేరారు.

"యాదమరికి ఏ పొద్దు? మళ్ళా చెప్పు!"

"యాదమరి మండలానికి ఈ రోజే అండి, బుధవారం. దయచేసి మీ కాయలు తీసుకురండి" అంది తోడు, తేనె పూసినట్టు.

"తీసుకొచ్చినా తల్లీ! గేటు ముందరే నిలబడుకోనుండా! తాళమేసుండాది!"

"సంతోషం అండి. ఇంకేమైనా సహాయం కావాలా?"

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. నవ్వులాగా లేదది. "అల్లుడితో మాట్లాడినట్టు మాట్లాడతాది నా బట్టది" అన్నాడొకడు. మునిరామయ్య ఫోన్ వైపు చూసి, నేల మీద తుపుక్కున ఉమ్మేశాడు. తలెత్తేసరికి రూతు కనబడింది.

"ఏం పాపా, ఆఫీసుకా? కంప్యూటర్ పనే కదా నువ్వు చేసేది? రవంత సూడు తల్లీ, ఇదేమో రమ్మంటాది, వాళ్ళేమో పొమ్మంటారు. ఎవుర్ని నమ్మేది మేము? ముందు మాదిరి నిన్ననే వచ్చి బోర్డు సూసుకోనిపోయుంటే అయిపోను. ఈ నంబరొచ్చినాక కాళ్ళకు సోమరితనమొచ్చె."

"చూస్తా పెద్దనాయనా" అంది రూతు.

బస్సు కదిలింది. ఆ మాట ఆమె నోట్లో చేదుగా చాలాసేపు ఉండిపోయింది. చూస్తానంది. చూసింది సోమవారమే. దిగి, "నాకు తెలుసు" అని ఉండొచ్చు. దిగలేదు. కాళ్ళ మధ్య టిఫిన్ సంచీని గట్టిగా పట్టుకొని కూర్చుంది. ఎవరి మీదో అసహ్యం వేస్తే మొహం పక్కకు తిప్పుకోవచ్చు. తన మీద వేస్తే ఎటు తిప్పుకోవాలి?

ఆఫీసులో కేకు కోశారు. పుస్తకం పూర్తయిందట. బెంగళూరు నుంచి ఎవరో మెచ్చుకున్నారట. "ఒక్క నెగెటివ్ మాట కూడా లేదని స్పెషల్‌గా రాసినారు" అని చక్రధర్ సార్ చదివి వినిపించి, కేకు కోసిన చేత్తోనే ఒక ముక్క రూతు చేతిలో పెట్టాడు. ఆయన బొటనవేలి గుర్తు క్రీము మీద దిగబడి ఉంది. అదే వేలు ఇందాక మూత మీద ఉన్నది. రూతు నోట్లో పెట్టుకున్నట్టు చేసి, మెట్ల కిందికి పోయి, కాగితంలో చుట్టి పారేసింది.

"అమ్మా రూతూ, ఒక చిల్లరపని మిగిలింది." వెనకనుంచి ఆయన గొంతు. "ఫెచ్ గురించి మిషన్ చదువుకునే పేరా ఒకటుంటుంది. నాలుగు లైన్లు. అది మనుషులు చూసేది కాదు, ఏదో ఒకటి రాసి గిరికిచ్చెయ్. నాకు చూపించే పని కూడా లేదు."

సాయంత్రం చెంగమ్మ నిస్సీని వసారాలోనే దించింది. ఎప్పుడూ లోపలికి వచ్చి, అన్నం తిన్నదా లేదా చెప్పి పోయే మనిషి గడప బయటే నిలబడింది.

"మా బావ ఆడనే ఉండాడు. ట్రాక్టర్ కిందనే పడుకుంటాడంట. కాయ ఎనక్కి తెచ్చి ఏం చేస్తాడు? నా తోడికోడలు సద్ది తీసుకోనిపోతా ఏడిసింది." కొంగుతో చెయ్యి తుడుచుకుంది. తడి లేని చెయ్యి. "నీకిచ్చిన మాట నిలబెట్టినా రూతమ్మా. నా మొగుడి అన్నకు నోరిప్పలా. నిలబెట్టినందుకు నా మొగం మీద నేనే ఉమ్ముకోవాలనుండాది."

రూతు నిస్సీని చంకనెత్తుకుంది.

"రేపు పాపను ఎత్తకరా. నేనుంటా. పాపదేం తప్పు" అని చెంగమ్మ వెళ్ళిపోయింది.

*

గురువారం రూతు గిరి పక్కన కుర్చీ వేసుకొని కూర్చుంది. గిరిది పుత్తూరు. వయసులో తనకన్నా చిన్న. ఎప్పుడూ వేరుశనగలు నములుతూ పొట్టు కీబోర్డులో రాల్చుకుంటాడు.

"గిరీ, మిషన్ చదువుకునే పేరా అన్నారే, దాన్ని అది నిజంగా చదువుతుందా?"

"చదవకుండా? ఫెచ్‌ను పంపే ముందర ప్రతిసారీ చదువుతుందక్కా. అందులో ఏముంటే అదే చేస్తుంది. నీకు బైబిలెట్లనో దానికి ఆ పేరా అట్ల."

"మేం చదివినవన్నీ చేస్తామా ఏం?"

గిరి పొట్టు ఊది నవ్వాడు. "అదే దానికీ మనకూ తేడా. అది పాపం, అమాయకం. రాసింది నమ్ముతుంది."

"మరి నేను మనుషుల కోసం రాసిన పుస్తకం?"

"అది కొనేవాళ్ళకక్కా. తోడు దాన్ని చూడనే చూడదు."

రూతు తన చోటికి వచ్చి కూర్చుంది. మూడు నెలలుగా రాసిన నలభై పేజీలు తోడు చదవదు. ఎవరికీ అక్కరలేదన్న నాలుగు వరసలే చదువుతుంది. ఆమె నోటుపుస్తకం తీసి ముందు పెన్సిలుతో రాసుకుంది. కొట్టేసింది. మళ్ళీ రాసింది. ఒక మనిషికి, అదీ కళ్ళు కనబడని మనిషికి, ఎండలో దారి చెబుతున్నట్టు రాయాలి. మధ్యాహ్నం భోజనం డబ్బా తెరవకుండానే సాగింది. చివరికి ఇలా తేలింది:

"ఫెచ్ నీకు పేజీలోని అచ్చు రాతలు మాత్రమే తెస్తుంది. ఫొటోలో ఉన్న రాత నీకు రాదు. ఫొటో ఉందో లేదో కూడా నీకు తెలియదు. కాబట్టి ఏ రోజు అని ఎవరైనా అడిగితే, ఆ రాత ఏ తేదీదో వెతుకు. తేదీ లేకపోతే ఖాయంగా చెప్పొద్దు. నాకు కనబడనిది ఉండొచ్చని చెప్పు. కాయ కోయకముందే గేటు దగ్గర బోర్డు చూసుకోమని చెప్పు. కోశాక చేయగలిగింది ఏమీ లేదు."

రాదు, లేదు, తెలియదు, చెప్పొద్దు. లెక్కపెడితే నలభై పేజీల్లో లేనన్ని ఇందులో ఉన్నాయి.

గిరి చదివాడు. నమలడం ఆపేశాడు. "చక్రధర్ సార్ చూసినాడా?"

"మిషన్ చదివేది ఆయన చదవడంట. ఆయనే చెప్పినాడు."

గిరి ఆమె వైపు ఒకసారి, సార్ గది అద్దం తలుపు వైపు ఒకసారి చూశాడు. "పక్కన పేరు పడతాదక్కా."

"పడనీ."

అతను మీట నొక్కాడు. చేర్చినవారు, రూతు.

*

శుక్రవారం రూతు ఆఫీసు బస్సు ఎక్కింది గానీ ఫ్యాక్టరీ మలుపులో దిగిపోయింది. ఎందుకు దిగిందో అడిగితే చెప్పలేకపోయేది. కాళ్ళు దిగాయి.

గేటు తెరిచారు. వరస నెమ్మదిగా కదులుతోంది. మునిరామయ్య ట్రాలీ పదకొండోది. మూడు రోజులకు ఆయన గడ్డం తెల్లగా మొలిచింది. ఒంటి మీద చొక్కా పసుపు మరకలతో అట్టకట్టింది. పట్ట తీసి ట్రాలీ మీద నిలబడి కాయలను చేత్తో అటూ ఇటూ తోస్తున్నాడు. గేటు గుమాస్తా వచ్చి, ముక్కు మూసుకొని, "చూడు పెద్దాయనా, పైన రెండు గంపలు తీసి చూస్తాం. కుళ్ళు కనపడిందా, బండి మొత్తం ఎనక్కే" అని చెప్పి పోయాడు. రోడ్డు పక్క గుంటలో అప్పటికే రెండు బండ్ల కాయలు గుమ్మరించి ఉన్నాయి. పందులు కూడా వాటి దగ్గరికి పోవడం లేదు.

"ఏరేస్తా ఉండావా పెద్దనాయనా?"

"ఏరేదానికి ఏది మంచిదో ఏది కాదో తెలిసి చావాల కదా పాపా. పైకన్నీ నవనవలాడతా ఉండాయి."

రూతు సంచీ, ఫోనూ ట్రాలీ మూలన పెట్టింది. చీర కుచ్చెళ్ళు నడుములోకి దోపి, చక్రం మీద కాలు పెట్టి ట్రాలీ ఎక్కింది. ఇదే గేటు లోపల రెండు సీజన్లు కాయలు ఏరే బెల్టు దగ్గర నిలబడిన మనిషి ఆమె. తోతాపురి కాయ కుళ్ళితే ముందు పైతోలుకు తెలియదు. ముక్కు దగ్గరా కాదు, నడుమా కాదు. తొడిమ దగ్గర, బొటనవేలు ఆనించి రవంత నొక్కితే, మంచి కాయ వేలిని వెనక్కి తోస్తుంది. చెడ్డది లోపలికి పిలుస్తుంది.

ఆమె కూర్చుని పని మొదలుపెట్టింది. ఎడమచేత్తో కాయ ఎత్తడం, కుడి బొటనవేలితో తొడిమ దగ్గర నొక్కడం, మంచిదైతే గంపలోకి, కాకపోతే గుంటలోకి. ఎత్తడం, నొక్కడం, వేయడం. పదికి నాలుగు చొప్పున వేలు లోపలికి దిగబడింది. దిగినప్పుడల్లా వెచ్చటి రసం గోటి సందులోకి, మణికట్టు మీదికి, మోచేతి దాకా కారింది. లోపల తెల్లటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. మునిరామయ్య కాసేపు చూసి, తనూ ఆమెలాగే వేలు పెట్టి నొక్కడం నేర్చుకున్నాడు.

సగం గంపలు నిండేసరికి ట్రాలీ మూలన ఫోన్ మోగింది. చేతులు రసంలో ఉన్నాయి. ముంజేతితో స్పీకరు నొక్కింది.

"యాడుండావమ్మా? ఎన్ని గంటలయింది?" చక్రధర్ సార్. వెనక స్ప్రే బుస్సుమన్న చప్పుడు కూడా వినిపించినట్టే అనిపించింది ఆమెకు. "ఏం రాసినావు నువ్వు మిషన్‌కు? పొద్దన్నుంచీ తోడు ఎవురడిగినా నాకు తెలియదు, పోయి చూసుకోండి అంటా ఉండాదంట. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఎవురు రాయమన్నారు నిన్ను?"

"మీరే కద సార్, ఏదో ఒకటి రాసియ్యమన్నారు."

"తమాషానా? ఇప్పుడే వచ్చి తీసెయ్."

రూతు చేతిలో ఒక కాయ ఉంది. చూడటానికి చక్కగా ఉంది. వేలు ఆనించింది. దిగబడింది.

"నేను తీయను సార్."

"ఏంది?"

"సోమవారం ఒకటి తీసినా. దాని పక్కన నా పేరుండాది. దీన్ని తీసేదైతే మీరే తీయండి. మీ పేరు పడనీ."

అవతల పెన్ను మూత బల్ల మీద పడి దొర్లిన శబ్దం వినబడింది.

"నిన్ను... సోమవారం మాట్లాడతా నీతో" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

నెలాఖరు, నిస్సీ, దయానంద్ ఏమంటాడో, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. రూతు చేతిలో కాయను గుంటలోకి విసిరింది. తలెత్తితే మునిరామయ్య పని ఆపి ఆమెనే చూస్తున్నాడు.

"ఏమి తీసింది సోమవారం?"

దాచడానికి ఇంకేం మిగల్లేదు. రూతు చెప్పింది. ఫొటో సంగతి, బోర్డు సంగతి, తను రాసింది, తనే తీసేసింది. చెంగమ్మకు చెప్పింది. ఆయనకు చెప్పొద్దని బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది కూడా చెప్పింది. ఒక్కొక్కటీ చెబుతూ ఆయన ముఖం వైపు చూడలేక రసం కారుతున్న తన చేతుల వైపే చూసింది.

వరస ముందుకు కదిలింది. డ్రైవరు ట్రాక్టర్‌ను రెండు బారలు ముందుకు లాగి ఆపాడు. మునిరామయ్య తువ్వాలుకు చెయ్యి తుడుచుకొని, జేబులోంచి ఫోన్ తీసి, నంబరు నొక్కి స్పీకరు పెట్టాడు.

"యాదమరికి ఏ పొద్దు?"

"నాకు పేజీలోని అచ్చు రాతలు మాత్రమే అందుతాయి అండి" అంది తోడు. గొంతు అదే, తేనె అదే. "ఇందులో బుధవారం అని ఉంది కాని, ఇది ఏ తేదీన రాసిందో లేదు. ఫొటోగా పెట్టిన నోటీసు ఉంటే నాకు కనబడదు. కాయలు కోయకముందే గేటు దగ్గర బోర్డు చూసుకోండి. కోశాక చేయగలిగింది ఏమీ లేదు."

చక్రధర్ సార్ తీయలేదు. ఫోన్ పెట్టేసి చాలాసేపయినా, ఆ మీట దగ్గర తన పేరు పడనివ్వలేదు.

మునిరామయ్య ఫోన్‌ను జేబులో పెట్టుకున్నాడు. రూతు వైపు చూశాడు. ఆయన కళ్ళలో కోపం ఉందో, నిద్రలేని ఎరుపే ఉందో ఆమెకు తెలియలేదు. తిడతాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది.

ఆయన వంగి, ఖాళీ గంప ఒకటి ఎత్తి ఆమె ముందుకు తోశాడు.

"ఇంకా సగం బండుండాది" అన్నాడు. "సూడు."